ఫర్రీలంటే ఎవరు? నవ్వే ముందు తెలుసుకోవాల్సిన ఐదు విషయాలు

ఈ రోజు థంబ్‌నెయిల్ చూసి నవ్వుకుంటూ క్లిక్ చేసిన వాళ్లు చాలామందే ఉంటారు. పర్లేదు. మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను. ఆ నవ్వులో నేను చేసిన ఒక వెధవ పని కూడా చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో చెప్పాలి. పోయిన నెల ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఊరు చెప్పను, కాలేజీ చెప్పను. బీటెక్ సెకండ్ ఇయర్. బొమ్మలు బాగా గీస్తాడు. మొహం తోడేలుది, నిలబడటం మనిషిలాగా, ఒంటి మీద హుడీ, భుజాన కాలేజీ బ్యాగు. అలాంటి క్యారెక్టర్ ఒకటి తయారు చేసుకున్నాడు. దానికో పేరు, ఒక కథ. హాస్టల్లో రూమ్‌మేట్ వీడి ఫోన్ తీసుకుని ఆ బొమ్మలు చూశాడు. "రేయ్, వీడు ఫర్రీరా" అన్నాడు. అంతే. మర్నాటి నుంచి వీడు మెస్‌లోకి ప్లేటు పట్టుకుని వస్తే వెనక నుంచి మొరగడం. మెసేజ్ చివర్లో ఒకటే ప్రశ్న: "అన్నా, నాలో ఏమైనా తేడా ఉందా?"

ఒక్క లైన్లో జవాబిచ్చేయొచ్చు. కానీ మొరిగిన వాళ్లు కూడా ఈ వీడియో చూడాలని నా కోరిక. అందుకే మొత్తం చెప్తున్నాను.

అసలు ఫర్రీ అంటే ఏంటి? మనిషిలా నడిచే, మాట్లాడే, బట్టలేసుకునే జంతు పాత్రలంటే ఇష్టపడే అభిమానులు. అంతే సంగతి. 1973లో డిస్నీ వాళ్లు 'రాబిన్ హుడ్' తీశారు, అందులో రాబిన్ హుడ్ ఒక నక్క. 2016లో వచ్చిన 'జూటోపియా' మీలో చాలామంది చూసే ఉంటారు, అందులో కుందేలు పోలీసు. మనకి సినిమా అయిపోతే అయిపోతుంది. కొందరికి ఆ పాత్రలు మనసులోంచి పోవు. వాటిని గీస్తారు, కథలు రాస్తారు, గేములు చేస్తారు. తమకంటూ ఒక జంతు పాత్రని తయారు చేసుకుంటారు, దాన్ని 'ఫర్సోనా' అంటారు. మన తమ్ముడి తోడేలు అదే.

ఇది ఇన్‌స్టా రీల్స్‌లో పుట్టింది కాదు. 1980ల్లో అమెరికాలో సైన్స్ ఫిక్షన్, కామిక్స్ అభిమానులు కలిసే చోట మొదలైంది. 1989లో కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో ప్రత్యేకంగా వీళ్ల కోసమే ఒక కన్వెన్షన్ జరిగింది. ఇప్పుడు పెద్దవాటిలో ఒకటి ఆంత్రోకాన్. 2006 నుంచి పిట్స్‌బర్గ్‌లో జరుగుతోంది. 2024లో 17 వేల మందికి పైగా వచ్చారు. వీళ్ల పరేడ్ చూడటానికి ఆ ఊరి జనం పిల్లల్ని తీసుకుని వచ్చి రోడ్డు పక్కన నిలబడతారు. మన దేశంలో కూడా ఫర్రీలు ఉన్నారు, తక్కువ మంది, ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే.

జంతువు మాట్లాడితే మనకి వింతేం కాదు కదా. పంచతంత్రం వింటూ పెరిగాం. 2012లో 'ఈగ' సినిమాకి వెళ్లి, ఒక ఈగ పగ తీర్చుకుంటుంటే విజిల్స్ వేశాం. ఎవరూ మనల్ని ఎర్రగడ్డకి పంపలేదు. సరే, ఇక అపోహల్లోకి వద్దాం.

మొదటిది: "వీళ్లు నిజంగానే జంతువులం అనుకుంటారు." కాదు. అమెరికా, కెనడా యూనివర్సిటీల సైకాలజిస్టులు కొందరు 'ఫర్‌సైన్స్' పేరుతో ఎన్నో ఏళ్లుగా ఫర్రీల మీద సర్వేలు చేస్తున్నారు. అందులో ఎక్కువ మంది ఫర్రీలు తాము పూర్తిగా మనుషులమే అని చెప్తారు. మరి "నా లోపల ఒక జంతువు ఉన్నట్టు అనిపిస్తుంది" అనే వాళ్లు లేరా అంటే, ఉన్నారు. వాళ్లని 'థేరియన్లు' అంటారు. అది వేరే గుంపు. రెండిట్లోనూ ఉన్నవాళ్లు కొందరు ఉంటారు గానీ, రెండూ ఒకటి కాదు. వాళ్లు కూడా అద్దంలో చూసుకుంటే మనిషే కనిపిస్తాడని తెలిసిన వాళ్లే. ఇక రీల్స్‌లో నాలుగు కాళ్ల మీద పరిగెత్తుతూ, దూకుతూ కనిపించేది 'క్వాడ్రోబిక్స్', అది ఒక వ్యాయామం. ఈ మూడింటినీ కలిపి ఒకే క్యాప్షన్ కింద పెట్టేది మీమ్ పేజీల వాళ్లు.

రెండోది: "అందరూ ఆ బొచ్చు సూట్ వేసుకుని తిరుగుతారు." ఆ సూట్‌ని ఫర్‌సూట్ అంటారు. ఫుల్ సూట్ ఉన్నవాళ్లు ఫర్రీల్లో కొద్దిమందే. కారణం సింపుల్, ఖరీదు. మంచి మేకర్ దగ్గర చేయించుకుంటే మన డబ్బుల్లో రెండు మూడు లక్షల పైమాటే. ఫోమ్‌తో తల చెక్కి, దాని మీద కృత్రిమ బొచ్చు అతికించి, కుట్టి, చేత్తో చేసే పని అది. వేసుకుంటే లోపల ఉక్కపోత, చూపు సరిగ్గా ఆనదు. అందుకే పక్కన చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి ఒకరు ఉంటారు. కన్వెన్షన్లలో ఆ తలలు తీసేసి, ఫ్యాన్ల ముందు కూర్చుని నీళ్లు తాగడానికి ప్రత్యేకంగా ఒక గది పెడతారు. మిగతా వాళ్లందరూ మామూలు టీషర్ట్, మెడలో బ్యాడ్జి. మీ పక్క క్యూబికల్‌లో ఉన్నా మీకు తెలియదు.

మూడోది అసలైంది, కామెంట్లలో మీరు అడగబోయేది కూడా ఇదే: "ఇదంతా సెక్స్ కోసం కదా?" ఫ్యామిలీతో చూసేవాళ్లున్నారు కాబట్టి జాగ్రత్తగా చెప్తాను, దాచకుండా చెప్తాను. ఫర్రీ ఆర్ట్‌లో పెద్దలకు మాత్రమే అన్న భాగం ఉంది. లేదని చెప్తే అబద్ధం అవుతుంది. అనిమేలో కూడా ఉంది, సినిమాల్లోనూ ఉంది. అది ఒక భాగం. కానీ 2003లో 'సీఎస్ఐ' అనే పాపులర్ అమెరికన్ క్రైమ్ సీరియల్ ఫర్రీల మీద ఒక ఎపిసోడ్ తీసి, ఆ భాగమే మొత్తం అన్నట్టు చూపించింది. ఇంట్లో టీవీ చూసేవాళ్లకి ఫర్రీ అంటే అదే గుర్తుండిపోయింది. సర్వేల్లో ఎందుకు చేరారని అడిగితే ముందు వచ్చే జవాబులు వేరు: ఫ్రెండ్స్, బొమ్మలు, నాలాంటి వాళ్లున్న చోటు. ఎవరో నలుగురు ఫ్యాన్స్ ట్విట్టర్‌లో బూతులు తిట్టుకుంటే, ఆ హీరో సినిమా చూసేవాళ్లందరూ అంతే అంటామా?

ఇంకొంతమంది "జంతువుల్ని పాడు చేస్తారు" అని కూడా రాస్తారు. జంతువుని హింసించినవాడు ఏ గుంపులో ఉన్నా నేరస్థుడే, వాడు జైలుకి పోవాలి. కానీ కార్టూన్ నక్కని ఇష్టపడటం వేరు, అది వేరు. ఆంత్రోకాన్ ప్రతి ఏడాదీ జంతువుల కోసం పనిచేసే సంస్థలకి డబ్బు పోగు చేసి ఇస్తుంది.

ఇంకో మాట. ఫర్రీల్లో గే, బైసెక్సువల్, ట్రాన్స్ అని చెప్పుకునే వాళ్లు బయట కంటే చాలా ఎక్కువ. కాబట్టి "ఫర్రీ" అని వెక్కిరించేటప్పుడు చాలాసార్లు అసలు గురి అక్కడ ఉంటుంది. తమ్ముడు మెసేజ్‌లో వాడిన 'తేడా' అనే మాట మన దగ్గర ఎవర్ని ఉద్దేశించి అంటారో మీకు తెలుసు.

నాలుగోది. ఇది మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది: "అమెరికా స్కూళ్లలో పిల్లలు పిల్లులం అంటున్నారట, వాళ్ల కోసం బాత్రూముల్లో లిట్టర్ బాక్సులు పెట్టారట." లిట్టర్ బాక్స్ అంటే పెంపుడు పిల్లి మలవిసర్జన కోసం మట్టి లాంటి పొడి పోసి పెట్టే డబ్బా. ఈ కథ 2021, 2022లో ఊరూరా తిరిగింది. 2022 జనవరిలో మిషిగన్‌లోని మిడ్‌లాండ్ అనే ఊళ్లో స్కూళ్ల సూపరింటెండెంట్ స్వయంగా తల్లిదండ్రులకి రాయాల్సి వచ్చింది, మా స్కూళ్లలో అలాంటిదేమీ లేదని. అదే ఏడాది మార్చిలో నెబ్రాస్కా సెనేటర్ బ్రూస్ బోస్టెల్‌మన్ చట్టసభలో నిలబడి ఇదే మాట చెప్పి, తర్వాత అబద్ధమని తేలాక క్షమాపణ చెప్పాడు. జో రోగన్ తన పాడ్‌కాస్ట్‌లో చెప్పాడు, కొన్ని వారాలకి ఆధారం లేదని తనే ఒప్పుకున్నాడు. అయినా ఆగలేదు. 2025లో టెక్సస్‌లో దీని మీద ఏకంగా ఒక బిల్లే పెట్టారు.

మరి ఒక్క స్కూల్లో కూడా పిల్లి లిట్టర్ లేదా? ఉంది. అది విన్నాక నాకు నవ్వు రాలేదు. కొలరాడోలో జెఫర్సన్ కౌంటీ అని ఉంది. 1999లో కాల్పులు జరిగిన కొలంబైన్ హైస్కూల్ ఆ జిల్లాదే. అక్కడ 2017 నుంచి క్లాసు గదుల్లో అత్యవసర బకెట్లు పెడుతున్నారు. వాటిలో కొంచెం పిల్లి లిట్టర్ కూడా ఉంటుంది. ఎవడైనా తుపాకీతో స్కూల్లోకి వస్తే, పిల్లలు తలుపు గడియ పెట్టుకుని గంటల తరబడి లోపలే ఉండాలి. బాత్రూమ్‌కి వెళ్లడానికి బయటికి రాకూడదు. ఆ లిట్టర్ అందుకు.

ప్రాణభయంతో దాక్కున్న పిల్లల కోసం పెట్టుకున్న వస్తువు అది. దేశమంతా మాత్రం "పిల్లి పిల్లలు" అని నవ్వుకుంది. ఫార్వర్డ్ చేసిన ఒక్కడైనా "ఏ స్కూలు? ఎవరు చూశారు?" అని అడిగి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు.

ఐదోది: "నవ్వితే ఏం పోయింది బ్రో, జోకే కదా." 2014 డిసెంబర్. షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో మిడ్‌వెస్ట్ ఫర్‌ఫెస్ట్ జరుగుతోంది. అర్ధరాత్రి దాటాక హోటల్లో క్లోరిన్ గ్యాస్ వదిలింది. మెట్ల దగ్గర క్లోరిన్ పొడి దొరికింది, కావాలనే చేసిన పనిగా పోలీసులు దర్యాప్తు చేశారు. వేల మందిని చలిలో బయటికి పంపించారు. 19 మంది ఆసుపత్రి పాలయ్యారు. ఈ వార్త చదువుతూ ఒక పెద్ద న్యూస్ చానెల్ యాంకర్, ఫర్రీలంటే ఏంటో తెలియగానే లైవ్‌లోనే నవ్వు ఆపుకోలేక పక్కకి వెళ్లిపోయారు. అదే గ్యాస్ డాక్టర్ల కాన్ఫరెన్స్‌లో వదిలి ఉంటే? ఎవరైనా నవ్వేవారా?

ఆ యాంకర్ని అనే అర్హత నాకు లేదు. ఇప్పుడు నా సంగతి.

2021, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు. సపోర్ట్ ప్రాజెక్ట్, నైట్ షిఫ్ట్. అమెరికా వైపు నెట్‌వర్క్ చూసే ఒకాయన ఉండేవాడు. ఇంటర్నెట్‌ని నడిపేదే ఫర్రీలు అని టెక్ వాళ్లలో ఒక పాత జోక్ ఉంది, అది నాకు అప్పటికి తెలియదు. తెల్లవారుజామున మూడింటికి ప్రొడక్షన్ డౌన్ అయితే, మా మీద అరవకుండా నాతో కూర్చుని లాగ్స్ చదివి నేర్పించిన మనిషి. ఆయన డీపీ నీలం రంగు నక్క.

ఆయన బయట ఎక్కడో పెట్టుకున్న ఫర్‌సూట్ ఫొటో మా టీమ్‌లో ఒకడికి దొరికింది. దాన్ని స్టిక్కర్ చేసింది నేనే. కింద "సర్వర్ డౌన్, నక్క ఆన్‌లైన్" అని రాశాను. మా వాట్సాప్ గ్రూపులో వేయబోయి, పక్క విండోలో ఉన్న ప్రాజెక్ట్ చాట్‌లో వేశాను. పది సెకన్లలో డిలీట్ చేశాను. తెలుగులో ఉంది కదా, అర్థం కాదులే అనుకున్నా. తన ఫొటో తను గుర్తుపట్టడానికి తెలుగు రావాలా?

మర్నాడు కాల్‌లో ఆయన మామూలుగానే మాట్లాడాడు. ఒక్క మాట అడగలేదు. డీపీలో నక్క మాత్రం లేదు. ఆయన పేరులోని రెండక్షరాలు ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత నేను ప్రాజెక్ట్ మారేదాకా ఆ రెండక్షరాలే. వెళ్లేముందు సారీ రాశాను. "చెప్పినందుకు థాంక్స్" అని ఒక్క లైన్ వచ్చింది. అంతకుమించి రాయాల్సిన అవసరం ఆయనకేం లేదు.

ఫర్‌సైన్స్ సర్వేల్లో ఇంకో విషయం ఉంది. స్కూల్ రోజుల్లో బుల్లీయింగ్ పడ్డవాళ్లు ఫర్రీల్లో మామూలు కంటే చాలా ఎక్కువ. అంటే అక్కడ దెబ్బలు తిని, కాసేపు ఊపిరి పీల్చుకోవడానికి ఈ చోటు వెతుక్కున్నవాళ్లు. నేను వెళ్లి ఆ చోటులో కూడా రాయి వేశాను.

కాబట్టి తమ్ముడూ, నీకు జవాబు. నువ్వు బొమ్మలు గీస్తున్నావు. అది జబ్బు కాదు, తప్పు కాదు. గీస్తూనే ఉండు. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకో. ఆన్‌లైన్ గ్రూపుల్లో అసలు పేరు, కాలేజీ, సొంత ఫొటోలు ఇవ్వకు. ఇది నీకే కాదు, చూస్తున్న అందరికీ. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లయితే పెద్దల గ్రూపుల జోలికి అసలు పోవద్దు, అక్కడ ఎవడైనా ప్రైవేట్‌గా మెసేజ్ చేస్తే బ్లాక్ చేసి ఇంట్లో చెప్పండి. రెండోది, మెస్‌లో రోజూ మొరగడం జోక్ కాదు, ర్యాగింగ్. మాటలతో మనసుని వేధించినా ర్యాగింగ్ కిందకే వస్తుంది. యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. సిగ్గుపడకుండా వాడుకో.

ఇక మొరిగిన తమ్ముళ్లకి. మీకు ఫర్రీలు నచ్చాలని నేను అనట్లేదు. వింతగా అనిపిస్తే అనిపించనివ్వండి, మొదట్లో నవ్వు వస్తే రానివ్వండి. ఆ తర్వాత ఏం చేస్తారన్నదే లెక్క. స్టిక్కర్ చేసే ముందు, ఫార్వర్డ్ కొట్టే ముందు, అవతల ఒక మనిషి డీపీ మార్చుకుంటాడని గుర్తుపెట్టుకోండి. రేపు మెస్‌లో వాడి పక్కన ఖాళీ ఉంటే వెళ్లి కూర్చోండి. తోడేలు పేరేంటని అడగండి. చెప్పాలనిపిస్తే వాడే చెప్తాడు.

ఈ రోజుకి ఇంతే. ఒప్పుకోని వాళ్లు కూడా కామెంట్ చేయండి, అన్నీ చదువుతాను. వాడి కాలేజీ ఏదో కనిపెట్టే ప్రయత్నం మాత్రం దయచేసి చేయొద్దు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.