గోడ ఆరాకే రంగు వేయించండి
(ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం 5 లక్షల రూపాయలు నాలుగు విడతల్లో ఇస్తోంది. దానికి మీ కష్టం కూడా కలిపి ఇల్లు కట్టుకుంటున్నారు. అందుకే ఈరోజు బిల్లుల సంగతి పక్కనపెట్టి, గోడల గురించి నాలుగు మాటలు చెప్తాను.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుంది? బూజు పడుతుంది. గోడ కూడా అంతే. ముహూర్తం దగ్గరపడిందని పచ్చి ప్లాస్టరింగ్ మీదే పెయింట్ వేయిస్తే, లోపలి తడి లోపలే ఉండిపోతుంది. మొదటి వానాకాలానికే రంగు పొక్కులు లేస్తుంది, మూలల్లో నల్లమచ్చలు వస్తాయి.

మా ఇంట్లో నేనూ ఈ తప్పు చేశాను. మచ్చల మీదే ఇంకో కోటింగ్ కొట్టించాను. మూడు నెలలు తిరక్కుండా మళ్లీ వచ్చాయి. డబ్బులు పోయాయి, ఆ గదిలో పడుకునే మా అమ్మకు దగ్గు ఎక్కువైంది.

ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం వారం రోజులు నీళ్లు కొట్టండి. తర్వాత నాలుగు వారాలైనా ఆరనివ్వండి. వానాకాలమైతే ఇంకా ఎక్కువ పడుతుంది. ఆరిందో లేదో చూసుకోవడం తేలికే. జానెడు ప్లాస్టిక్ కవర్‌ను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి, మర్నాడు తీసి చూడండి. లోపల చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆగాలి.

ముహూర్తం ఆగదంటారా? సున్నం వేసి గృహప్రవేశం చేసుకోండి. సున్నం లోపలి తేమను ఆపదు, దాని మీద బూజూ త్వరగా పట్టదు. తర్వాత పెయింట్ వేసేముందు గీకించి ప్రైమర్ కొట్టిస్తే సరి.

ఇప్పటికే బూజు పట్టినవాళ్లు ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. స్లాబ్ మీద నిలుస్తున్నాయా? బాత్రూం పైపు కారుతోందా? అది బాగుచేయించాకే గోడ జోలికి వెళ్లండి. బూజును పొడిగా గీకొద్దు, గాల్లో కలిసి ముక్కులోకి పోతుంది. లీటరు నీళ్లలో రెండు చెంచాల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైతేట నీటితో తుడవండి. కిటికీలు తెరిచి, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకోండి. బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం కలపొద్దు, ప్రాణం మీదికొస్తుంది. గోడ బాగా ఆరాకే మళ్లీ రంగు.

బీరువా గోడకు నాలుగు వేళ్ల ఎడంగా పెట్టండి. తడి బట్టలు గదిలో ఆరేయకండి. వంట చేసేటప్పుడు కిటికీ తెరవండి.

సందేహముంటే రంగు డబ్బా కొనకముందే మీ హౌసింగ్ ఏఈ గారిని అడగండి. నెల రోజులు ఆగితే పోయేదేమీ లేదు, రెండోసారి రంగు ఖర్చు మిగులుతుంది.