విమానం కొనొచ్చు, లోహం నేర్చుకోవాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా క్లాసులో "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే కొందరు "డీఆర్‌డీఎల్" అని ఊరుకునేవాళ్లు. అక్కడ ఏం చేస్తారో వాళ్లకూ తెలియదు, నాన్న ఇంట్లో చెప్పేవారు కాదు. పొద్దున్నే ఎల్బీ నగర్ నుంచి కంచన్‌బాగ్ వైపు పోయే బస్సుల్లో ఎంత పని నడిచి వెళ్తోందో నేను ఇంజనీరునయ్యాకే తెలిసింది. వాయుసేన గురించి మాట్లాడమన్నారు కాబట్టి అక్కడి కథే చెబుతాను.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పారు. 1963లో మన వాయుసేనలో చేరిన ఆ విమానం మన బడి కన్నా పెద్దది. అది వెళ్లిపోయాక మనకు మిగిలిన ఫైటర్ స్క్వాడ్రన్లు 29. ఉండవలసినవి 42. ఫ్రాన్స్ నుంచి 36 రఫేల్స్ వచ్చాయి. మన తేజస్ మార్క్-1ఏ విమానాలకు 2021లో 83, 2025లో మరో 97 ఆర్డర్ ఇచ్చారు. డబ్బుంది, ఆర్డరుంది. అయినా విమానాలు అనుకున్న వేళకు రాలేదు. ముఖ్యమైన కారణాల్లో ఒకటి ఇంజను. 2021లో అమెరికాకు ఆర్డరిచ్చిన 99 ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో గానీ చేతికి రాలేదు. మన సొంత కావేరి ఇంజను పని 1989లోనే మొదలైంది, కానీ తేజస్‌కు కావలసినంత శక్తి ఇవ్వలేకపోయింది.

ఇంజను ఎందుకంత కష్టం? అందులో గాలిని నొక్కే కంప్రెసర్ డిస్కులు ఉంటాయి. నిమిషానికి వేల చుట్లు తిరుగుతాయి. ఒక్కటి పగిలితే ఇంజనే పోతుంది. వాటిని టైటానియంతో చేయాలి. అరిసెల పిండి చల్లారాక ఒత్తితే అంచులు పగులుతాయి కదా, టైటానియం కూడా అంతే. వేడి లోహాన్ని చల్లని అచ్చులో పెడితే పగుళ్లిస్తుంది. అందుకని అచ్చునూ లోహాన్నీ దాదాపు ఒకే వేడిలో ఉంచి, నిదానంగా నొక్కాలి. ఆ వేడికి అచ్చు మెత్తబడకూడదు. ఈ విద్య ప్రపంచంలో కొద్ది దేశాలకే తెలుసు. అడిగితే ఎవరూ నేర్పరు.

మన కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్ దాన్ని సొంతంగా సాధించింది. 2,000 టన్నుల ప్రెస్సు మీద, పక్కనే ఉన్న మిధానితో కలిసి, జాగ్వార్, హాక్ విమానాల అడోర్ ఇంజనుకు కావలసిన ఐదు దశల డిస్కులూ తయారుచేసింది. 2021 నాటికే 200 డిస్కు ఫోర్జింగులు బెంగళూరు హెచ్‌ఏఎల్‌కు చేరాయి. పేపర్లో చిన్న వార్తగా వచ్చింది. నాకు మాత్రం రఫేల్ దిగిన రోజు కన్నా అదే పెద్ద పండుగ.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, నా చేతి మీదుగా వెళ్లే ఒక భాగం మీద సన్నని గీత కనిపించింది. డెలివరీ తేదీ దగ్గర పడిందని నోరు మెదపలేదు. తనిఖీలో పట్టుకుని లాటంతా పక్కన పడేశారు. ఆ పెద్దాయన నన్ను తిట్టలేదు. "నువ్వు చూశావా, చూడలేదా?" అని మాత్రం అడిగారు. "చూశాను సార్" అన్నాను. ఆ రాత్రి మన ఫిజిక్స్ మాస్టారు గుర్తొచ్చారు. జవాబు సరిగ్గా ఉన్నా యూనిట్ రాయకపోతే అర మార్కు కోసేవారు. అప్పుడు ఏడ్చాను. ఆయన కోసింది ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

29 అన్న అంకె చూస్తే తొందర పడాలనిపిస్తుంది, పడాలి కూడా. కానీ గీత కనిపించాక ఆగగలిగినవాళ్లు లేకుండా ఎంత తొందరపడినా లాభం లేదు. అలాంటివాళ్లను టెండరు పిలిచి తెచ్చుకోలేం. బడిలోనే తయారవ్వాలి.

మా షాపులో మిగిలిన టైటానియం ముక్క ఒకటి మన ల్యాబుకు తెచ్చాను. పిల్లలూ, పక్కన అంతే సైజు ఇనుప ముక్క పెట్టి తూచండి. తేడా రాసేటప్పుడు యూనిట్ మరిచిపోకండి.

సెలవు.