బ్రౌజర్‌లో కూర్చున్న కంపోజిటరు

డీటీపీ చేసేవాళ్లు, పాత ప్రెస్సుల్లో పనిచేసిన పెద్దలు ఇంతమంది ఉన్నచోట బ్రౌజర్ గురించి మాట్లాడమన్నారు. ట్యాబులు, బుక్‌మార్కులు, పాస్‌వర్డులు దాచుకోవటం మీ మనవలు నాకంటే బాగా చెబుతారు. నేనొక్క సంగతికే కట్టుబడతాను. బ్రౌజర్ తెలుగు అక్షరం కూర్చటం ఎట్లా నేర్చుకుందన్నదే ఆ సంగతి.

తెనాలి ప్రెస్సుల్లో చేతి కంపోజింగు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషయితే అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోవటమే. తెలుగుకొచ్చేసరికి గుణింతం గది వేరు, ఒత్తుల గది వేరు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి కంప్యూటరు లెక్కలో ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వరసగా వచ్చే ఈ ఆరింటినీ ఏది పైన, ఏది కింద, ఏది పక్కన అని సర్దేవాడు లోపలొకడుండాలి. మొదటి బ్రౌజర్లలో ఆ కంపోజిటరు లేడు.

టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్‌లో తొలి బ్రౌజర్ రాశాడు. 1993లో మొజాయిక్ వచ్చి అక్షరాల మధ్యే బొమ్మను చూపించింది, జనం ఎగబడ్డారు. 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. ఆ 1995 ఆగస్టు 15నే వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో ఇంటర్నెట్‌ను జనానికిచ్చింది. అన్ని భాషల అక్షరాలకూ గడులిచ్చే యూనికోడ్ పట్టిక 1991లోనే తెలుగుకు 128 గడులు కేటాయించి పెట్టింది. గడులున్నాయి, కాపురం చేసేవాడు లేడు.

మరి ఈనాడు వంటి పత్రికలు నెట్లో ఎట్లా కనిపించాయంటారా? అది వేషం. రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు నింపిన ఫాంటును పేజీతోపాటు పంపేవాళ్లు. ఎక్స్‌ప్లోరర్‌కు ఒక రకం ఫైలు, నెట్‌స్కేప్‌కు ఇంకో రకం. చూడటానికి తెలుగే. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే వేషం ఊడి, కామాలూ బ్రాకెట్లూ బయటపడేవి. వెతుకుదామంటే దొరకదు.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. కానీ కంట్రోల్ ప్యానెల్‌లో ఒక గడికి టిక్కు కొట్టి, ఎక్స్‌పీ సీడీ పెడితేగాని ఒత్తులు కుదురుగా కూర్చునేవి కావు. సీడీ ఎవరి దగ్గరుంది! అరండల్‌పేటలో నాలుగు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో ఆ ఒక్క సీడీనే ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచేవాణ్ణి.

ఇక్కడొక మనిషిని తలుచుకోవాలి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంటు కట్టిన వెన్న నాగార్జున గారు. ఆయనే 'పద్మ' అనే పొడిగింపు రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 1.0 వెర్షను 2004 నవంబరులో వచ్చింది. దానికి పద్మను తగిలిస్తే పత్రికల వేషపు అక్షరాలు తెరమీదే అసలు తెలుగైపోయేవి. వేగం గురించి, ట్యాబుల గురించి ఎన్నయినా చెప్పండి, నాకు మాత్రం బ్రౌజర్ మనదైంది ఆ రోజే.

ఆ తరవాత ఫోన్లు. మీటలున్న చిన్న ఫోన్లలో ఒపెరా మినీ అనే బ్రౌజర్. ఒకరోజు చుట్టుగుంట దగ్గర టీ బంకు ముందు ఒక కుర్రాడు మిర్చి యార్డులో తేజ రకం ధర చూద్దామని వార్తల పేజీ తెరిచాడు. అక్షరాల చోట అన్నీ పెట్టెలే. పక్కనున్న పెద్దాయన తొంగిచూసి, "ఏందిరా అబ్బాయ్ ఈ పెట్టెలు? కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు పేర్చినట్టున్నాయి" అన్నాడు. దానికో కిటుకుండేది. అడ్రసు చోట ఒపెరా, రెండు చుక్కలు, కాన్‌ఫిగ్ అని కొడితే రహస్యపు సెట్టింగులు తెరుచుకునేవి. కిందెక్కడో ఉన్న ఒక 'నో'ను 'యస్' చేస్తే, అవతలి సర్వరే తెలుగు అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది. మార్చి చూపించాను. "ఆఁ, ఇప్పుడు బాడిగ రకం ధర కూడా కనబడుతుంది బాబాయ్" అని కుర్రాడు ఎగిరాడు.

2008లో క్రోమ్ వచ్చింది. ఇప్పుడు క్రోములోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఆ కంపోజిటరు పేరు హార్ఫ్‌బజ్. మండలి, సురన్న, రామభద్ర లాంటి ఫాంట్లు పేజీతోపాటే దిగుతున్నాయి. ఈసారి వేషం కాదు, లోపలా తెలుగే.

అయినా మన అక్షరం తేలిగ్గా లొంగలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' ఐఫోన్లను పడగొట్టింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరస ఎదురైతే చాలు, చూపించబోయిన యాప్ కుప్పకూలేది. 19న ఆపిల్ సరిచేసింది. జ్ఞానానికి అంత బరువుందని ఆ వారం ప్రపంచమంతటికీ తెలిసింది!

ఇక మీతో నాకో పేచీ. మన డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు, కరపత్రాలు, ఊరి చరిత్రలు ఇంకా ఆ వేషంలోనే ఉన్నాయి. మొన్న ఒంగోలు వైపునుంచి ఒక మాస్టారు తన ఊరి చరిత్రను పెన్‌డ్రైవులో తెచ్చారు. 1999లో కూర్పించింది. బ్రౌజర్‌లో తెరిస్తే మొదటి పేజీలో డాలరు గుర్తు, రెండు బ్రాకెట్లు, ఒక ఆశ్చర్యార్థకం. "మా ఊరి పేరేది బాబూ?" అన్నారాయన. మార్పిడి సాఫ్ట్‌వేరులో వేశాం. ఒత్తులు చాలావరకు నిలబడ్డాయి, 'క్ష'లన్నీ రాలిపోయాయి. సాయంత్రం పూట ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే దిద్దుతున్నాం. నిన్నటికి నలభై పేజీలయ్యాయి.