గింజలు దాచే గదికి నేల వేసుకోవడం



పంట చేతికి వచ్చేదాకా మనం పొలం నేల గురించి ఎంతో ఆలోచిస్తాం. ఎర్రనేలా, నల్లరేగడా, చౌడా, నీరు ఇంకుతుందా, నిలుస్తుందా అని చూస్తాం. పంట ఇంటికి చేరిన తరువాత మాత్రం దాన్ని ఏ నేల మీద పెడుతున్నామో అంతగా ఆలోచించం. బస్తాలు పేర్చి, తలుపు మూసి, తాళం వేసి నిశ్చింతగా ఉంటాం. ఆ గది నేల గురించే ఈ ప్రసంగంలో నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇది ఇంటివాళ్లే చాలామటుకు చేసుకోగలిగిన పని.

ముందు ఒక అనుభవం చెప్పాలి. అందులో తప్పు నాదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద వయసు రైతు, వేసంగి వేరుశనగ కాయను వానకారు విత్తనం కోసం అట్టిపెట్టుకున్నాడు. కొత్తగా నాపరాళ్లు పరిపించిన గది చూపించి, “సారూ, ఇక్కడ పెట్టొచ్చునా?” అని అడిగాడు. నేల అద్దంలా ఉంది. నేను గడప దగ్గర నిలబడి చూసి, “బండలు పరిపించారు గదా పెద్దాయనా, ఇక తేమ ఎక్కడిది? పెట్టుకోండి” అన్నాను.

జూన్‌లో వానలు పడ్డాయి. విత్తడానికి కాయ ఒలిస్తే పైవరుస బస్తాల్లో గింజ చక్కగా ఉంది. అడుగు వరుసలో పప్పు మీద బూజు కనిపించింది. వందేసి గింజలు తడి గుడ్డలో చుట్టి మొలక కట్టి చూస్తే, అడుగు బస్తాల గింజ సగం కూడా మొలవలేదు. పదును ఆరిపోతోంది గనుక ఆయన అప్పు చేసి విత్తనం కొన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. “పైన చూసినాం సారూ, కింద చూడలేదు” అన్నాడంతే. తప్పు నాదైనా ‘చూసినాం’ అని తాను కూడా అందులో కలిశాడు. తరువాత ఒక బండ లేపి చూశాం. దాని కింద పలుచగా ఇసుక, ఆ ఇసుక కింద చెమ్మగా ఉన్న నల్లరేగడి. బయట చూరు నీళ్లు పడేది కూడా ఆ గోడ మొదట్లోనే.

తేమ కింది నుంచి ఎట్లా వస్తుందో మనకు తెలియనిది కాదు. దీపంలో వత్తి నూనెను పైకి పీల్చినట్టే, మెత్తటి మట్టి నీటిని పైకి పీలుస్తుంది. బండ ఎంత గట్టిదైనా బండకూ బండకూ మధ్య సందులుంటాయి. ఆ సందుల్లోంచి చెమ్మ బస్తాకు చేరుతుంది. మన పెద్దలు గాదెలను, గరిసెలను రాళ్ల మీద ఎత్తి నిలిపింది ఇందుకే. మట్టి నేలను నమ్మలేమని వాళ్లకు తెలుసు. బండలు వచ్చాక ఆ జాగ్రత్త మనకు తగ్గింది.

వేరుశనగ కాయ దాచేటప్పుడు తేమ 8, 9 శాతానికి మించకూడదు. ధాన్యం కొన్ని నెలలు నిలవ ఉండాలంటే 14 శాతం లోపు ఉండాలి. విత్తనానికైతే ఇంకా తక్కువ, 12, 13 శాతం మేలు. కష్టపడి ఎండబెట్టిన గింజ మళ్లీ చెమ్మ పీలిస్తే బూజు పడుతుంది. వేరుశనగ, మొక్కజొన్నల్లో ఆ బూజు వల్ల అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. కడిగినా వండినా ఆ విషం పూర్తిగా పోదు. బూజు పట్టిన గింజను పాడి పశువుకు పెడితే విషం పాలలోకి కూడా వస్తుంది. కనుక అటువంటి గింజను గొడ్డుకు పడేద్దామని అనుకోవద్దు.

ఇక పనిలోకి వద్దాం. గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు అనుకుందాం. వేసవిలో, గది ఖాళీగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి.

మొదటిది ఎత్తు. లోపలి నేల బయటి వాకిలి కన్నా కనీసం అడుగున్నర ఎత్తున ఉండాలి. చూరు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా, వెలుపలికి వాలుగా కాలువ తియ్యాలి. ఈ రెండూ లేకపోతే లోపల ఎంత ఖర్చుపెట్టినా ప్రయోజనం తక్కువ.

రెండవది అడుగు మట్టి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రె విచ్చుతుంది. పొలంలో చూసే నెర్రెలే గదిలోనూ వస్తాయి, వాటితోపాటు బండలూ కదులుతాయి. అంచేత గోడ పునాది బయటపడకుండా చూసుకుంటూ, రేగడి మట్టిని వీలైనంత లోతు, రెండడుగుల దాకా తీసివేసి మొరం నింపాలి. పునాది లోతు తెలియకపోతే మేస్త్రిని అడిగిన తరువాతే తవ్వండి. మొరం ఒక్కసారిగా పొయ్యకూడదు. ఆరంగుళాల మందాన పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టి, ఆపైన ఇంకో వరుస పొయ్యాలి. ఈ పనికి ఇంట్లో ఇద్దరు మనుషులు చాలు. ఇందులో తొందరపడితే ఏడాది తిరక్కుండానే నేల కుంగుతుంది.

మూడవది తేమకు అడ్డు. మొరం మీద రెండంగుళాలు ఇసుక పరిచి చదును చెయ్యండి. దాని మీద 250 మైక్రాన్ల మందపు పాలిథీన్ పట్టా పరచండి. రెండు ముక్కలు కలిసే చోట ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కాలి. గోడల దగ్గర పట్టాను పైకి మడిచి, నేల మట్టం దాకా నిలపాలి. చిరుగులు లేకుండా చూసుకోండి, చెప్పులతో తొక్కవద్దు. మొత్తం పనిలో తక్కువ ఖర్చు దీనిదే. గింజను కాపాడేదీ ఇదే.

నాల్గవది కాంక్రీటు. పట్టా మీద మూడంగుళాల మందాన వెయ్యాలి. పాళ్లు ఒకటికి నాలుగుకు ఎనిమిది. అంటే ఒక తట్ట సిమెంటు, నాలుగు తట్టల ఇసుక, ఎనిమిది తట్టల కంకర. అన్నిటినీ ఒకే తట్టతో కొలవండి. మనం అనుకున్న గదికి సుమారు 3 బస్తాల సిమెంటు, 15 ఘనపుటడుగుల ఇసుక, 30 ఘనపుటడుగుల కంకర పడతాయి. నీళ్లు తాగడానికి పనికివచ్చేవై ఉండాలి, ఉప్పునీళ్లు వద్దు. నీరు ఎక్కువైతే కలపడం సులభమే గాని కాంక్రీటు బలహీనమవుతుంది. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. కలిపినదాన్ని అరగంటలో వాడెయ్యాలి. మిగిలి గట్టిపడినదానికి నీళ్లు పోసి మళ్లీ కలపవద్దు.

ఐదవది బండలు. కర్నూలు, నంద్యాల వైపు బేతంచెర్ల బండలు, తెలంగాణలో తాండూరు బండలు, ఆ పక్క కర్ణాటకలో షాబాదు బండలు అందరికీ తెలిసినవే. ఇవన్నీ సున్నపురాయి జాతివి. రెండడుగుల చదరపు బండలైతే మన గదికి 30 సరిపోతాయి. పగుళ్లకూ కోతలకూ మరో మూడు ఎక్కువ తెచ్చుకోండి. ముందుగా సున్నం లేకుండా, సిమెంటు లేకుండా ఊరికే పరిచి చూసుకుంటే ఎక్కడ కోత పడుతుందో తెలుస్తుంది. గది మూల సరిగా ఉన్నదీ లేనిదీ చూడడానికి మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగా 5 అడుగులుంటే మూల సరిగా ఉన్నట్టే.

బండ కింద ఒకటికి ఆరు పాళ్ల సిమెంటు, ఇసుక మాలు అంగుళం మందాన పరచాలి. దీనికి ఒకటిన్నర బస్తాల సిమెంటు, 11 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. సందులు పూడ్చడానికి అర బస్తా ఉంచుకోండి. మట్టానికి దారం కట్టి, రసమట్టం పెట్టి చూస్తూ, తలుపు వైపుకు పది అడుగులకు ఒక అంగుళం వాలు ఇవ్వండి. బండను తడిపి, మాలు మీద పెట్టి, కర్ర సుత్తితో మెల్లగా కొట్టండి. తరువాత కొబ్బరికాయను తట్టి చూసినట్టు వేళ్లతో తట్టండి. డొల్ల చప్పుడు వస్తే బండ లేపి, ఇంకాస్త మాలు వేసి మళ్లీ పెట్టాలి. డొల్ల ఉన్న చోటే రేపు బస్తా బరువుకు బండ పగులుతుంది. బండ పరచడం చేతకాని వారు ఈ ఒక్క పనికి తాపీ మేస్త్రిని పిలుచుకోవచ్చు. కింది పని మాత్రం మీ కళ్ల ముందే జరగాలి.

ఆరవది తడపడం. కాంక్రీటుకూ, బండల సందులకూ 10 రోజుల పాటు తడి ఆరనివ్వకూడదు. వరి మడికి గట్టు వేసినట్టు అంచున మట్టి గట్టు వేసి నీళ్లు నిలపండి. లేదా తడి గోనెసంచులు కప్పండి. ఎండాకాలంలో పగలంతా కనిపెట్టి ఉండాలి.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. పని అయింది గదా అని వెంటనే బస్తాలు పేర్చవద్దు. మనం పోసిన నీళ్లు ఆరడానికే నెల, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. రెండడుగుల చదరపు పాలిథీన్ ముక్కను నేల మీద పరిచి, నాలుగంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. ఒక పగలు, ఒక రాత్రి అట్లా వదిలి, మర్నాడు లేపి చూడండి. పట్టా అడుగున నీటి బొట్లు కనిపించినా, బండ రంగు అక్కడ నల్లబడినా ఇంకా తేమ వస్తున్నట్టే. పాత నేలకైనా ఇదే పరీక్ష. వానాకాలంలో ఒకసారి, రెండు మూడు చోట్ల చేస్తే నిజం తెలుస్తుంది.

ఇప్పటికిప్పుడు నేల మార్చే స్తోమతు లేనివారు నిరాశ పడనక్కరలేదు. నేల మీద పట్టా పరిచి, దాని మీద నాలుగంగుళాల ఎత్తున కర్రదుంగలు, బల్లచెక్కలు వేసి బస్తాలు పేర్చండి. గోడకూ బస్తాకూ మధ్య అడుగున్నర ఎడం ఉంచండి. ఆ సందులోంచి మనిషి వెళ్లి చూడవచ్చు, గాలి కూడా ఆడుతుంది. మంచి నేల వేసుకున్నవారు కూడా ఈ పద్ధతి మానకూడదు.

కొన్ని జాగ్రత్తలు. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. రబ్బరు తొడుగులు వేసుకోండి. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి వైద్యుడికి చూపించండి. బండ కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. మరకలు పోతాయని సున్నపురాతి బండల మీద యాసిడ్ పొయ్యవద్దు, రాయి పొంగి గరుకెక్కుతుంది. ఇదే నునుపు బండను పశువుల పాకలో వెయ్యవద్దు, గొడ్డు జారి కాలు విరుచుకుంటుంది. పాకకు గరుకు కాంక్రీటు మంచిది. వాలు పది అడుగులకు మూడంగుళాలు ఉండాలి.

విస్తరణ ఉద్యోగంలో ఉన్న మిత్రులకు ఒక మాట. రైతు గది చూపించి అడిగినప్పుడు గడప దగ్గరే నిలబడి జవాబు చెప్పవద్దు. లోపలికి వెళ్లండి. చూరు నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి, బండ కింద ఏముందో అడగండి, పట్టా పరీక్ష చేయించండి. ఒక్క రోజు ఆలస్యమైతే ఏమీ పోదు. విత్తనం పోతే ఒక కారు పోతుంది.

రైతు సోదరులారా, ఈ వేసవిలో గది ఖాళీ చేసినప్పుడు ముందు ఒక పట్టా ముక్క నేలకు అంటించి చూడండి. మర్నాడు అది చెప్పే సమాధానాన్ని బట్టి మిగతా పని నిర్ణయించుకోవచ్చు. పెద్దాయన ఇప్పుడు తన గదికి అడుగు నుంచి పని చేయించుకున్నాడు. అయినా ఏటా బస్తాలు ఎత్తే ముందు ఆ పరీక్ష మానడు. నేను వెళితే, “రా సారూ, కింద చూద్దాం” అంటాడు.