ఈస్ట్ జన్యుశాస్త్రం, తెలుగు నేల: అధ్యక్షోపన్యాసం

1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమూ, 1977లో తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాల జీవరసాయన విభాగం నుంచి రూపుదిద్దుకున్న సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర) పరిశోధనాకేంద్రమూ ఇరుగుపొరుగున ఉన్న ఈ అడిక్‌మెట్ పరిసరాల కంటే, కణజీవశాస్త్రాన్ని చర్చించడానికి తగిన చోటు తెలుగునాట అరుదు. నేటి విషయం రొట్టెల ఈస్ట్, అంటే సాక్రోమైసిస్ సెరవీసియే. ఈ జీవి మీద ప్రపంచ ప్రయోగశాలల్లో సమకూరిన జన్యుజ్ఞానం, ఈ నేలలోనూ కల్లు లొట్టిలోనూ బతికే ఈస్ట్‌లను చదవడానికి అక్కరకు వచ్చినప్పుడే నిండుదనం పొందుతుందన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం.

ఒక జీవిలో తెలుసుకున్న నియమం అనేక జీవులకు వర్తించేటప్పుడు ఆ జీవిని నమూనా జీవి అంటారు. ఈస్ట్ అలాంటిదే. ఇది ఏకకణజీవే అయినా, మనిషి కణంలో లాగే దానిలోనూ పొర కలిగిన కేంద్రకం ఉంటుంది. అనువైన పోషకద్రవంలో సుమారు గంటన్నరకొకసారి మొగ్గ తొడిగి రెట్టింపవుతుంది. 16 క్రోమోజోమ్‌లలో పరచుకున్న, దాదాపు 1.2 కోట్ల డీఎన్ఏ అక్షరజతల దీని జన్యుసంపుటిని 1996లో పూర్తిగా చదివారు. కేంద్రకం గల జీవులలో అలా చదివిన మొదటి సంపుటి ఇదే. ఈస్ట్ బతకడానికి తప్పనిసరైన జన్యువులలో 414 తీసుకుని, వాటి స్థానంలో మానవ జన్యువులను ఉంచి చూసిన 2015 నాటి అధ్యయనంలో, దాదాపు సగం చోట్ల మానవ జన్యువే ఆ పనిని నెరవేర్చిందంటే, ఈ బంధుత్వం ఎంత లోతైనదో తెలుస్తుంది.

ఈస్ట్ ఒక క్రోమోజోమ్ సమితితో ఏకస్థితికంగానూ, రెండు సమితులతో ద్వయస్థితికంగానూ జీవించగలగడం జన్యుశాస్త్రజ్ఞుడికి దొరికిన గొప్ప వరం. నత్రజని కొరవడినప్పుడు ద్వయస్థితిక కణం క్షయకరణ విభజన జరుపుకుని, ఒకే సంచిలో నాలుగు సిద్ధబీజాలను ఏర్పరుస్తుంది. పరిశోధకుడు ఎంజైముతో ఆ సంచి గోడను మెత్తబరచి, సూక్ష్మదర్శిని కింద సన్నని గాజుసూదితో నాలుగింటినీ విడదీసి, పోషకఫలకం మీద వరుసగా నాటుతాడు. తల్లిదండ్రుల మధ్య తేడా ఒకే జన్యువులో ఉంటే, మొలిచిన నాలుగు సమూహాలలో రెండు ఒక తీరుగా, రెండు మరో తీరుగా కనిపిస్తాయి. మెండెల్ సూత్రం సగటు లెక్కల అవసరం లేకుండా ఒకే వరుసలో కంటికి కనబడుతుంది.

జన్యుశాస్త్రజ్ఞుడు లీలాండ్ హార్ట్‌వెల్ ఈ సౌలభ్యానికి ఉష్ణోగ్రతను జోడించాడు. 23 డిగ్రీల వద్ద మామూలుగా పెరిగి, 36 డిగ్రీల వద్ద విభజన మధ్యలో ఆగిపోయే ఉత్పరివర్తకాలను, అంటే జన్యువులో మార్పు వచ్చిన కణాలను, 1970 నుంచి ఆయన బృందం వెలికితీసింది. మొగ్గ లేకుండా ఆగిందా, చిన్న మొగ్గతో ఆగిందా, పెద్ద మొగ్గతో ఆగిందా అన్నదాన్ని బట్టి, చెడిన జన్యువు విభజనచక్రంలో ఏ దశకు అవసరమో నిర్ణయించగలిగారు. క్యాన్సర్ కణం అదుపు తప్పే తీరును అర్థం చేసుకోవడానికి పునాది వేసిన ఆ కృషిలో భాగస్వామిగా ఆయనకు 2001లో నోబెల్ బహుమతి లభించింది.

అదే వేడి తెలుగు నేల మీద మరో ప్రశ్నను లేవనెత్తింది: వేడికి ఓర్చుకుని పనిచేసే ఈస్ట్ దొరుకుతుందా? ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు వేడి పుడుతుంది. మామూలు రకాలకు 30 డిగ్రీల చుట్టుపక్కల వాతావరణం హాయి గనుక, గాలే 40 డిగ్రీలు దాటే ఇక్కడి వేసవిలో పులియబెట్టే తొట్లను చల్లబరచడం పెద్ద ఖర్చు. ఉస్మానియా సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో ఆచార్య ఎల్. వెంకటేశ్వర్ రావు బృందం కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలోని వేడి నేలల మట్టిని వెదికి, వేడినీ గాఢమైన చక్కెరనూ తట్టుకుని, గుంపుగా ముద్దకట్టి అడుగుకు చేరే సాక్రోమైసిస్ రకాలను వేరుచేసి, 2000లో ప్రకటించింది. వాటిలో వీఎస్3 అనే రకం 44 డిగ్రీల వరకు పెరిగి చక్కెరను పులియబెట్టగలిగింది.

ఈ ఓర్పు ఒక్క జన్యువు పుణ్యం అయివుండదు. వేడిలోనూ పెరగగల గుణానికి మూలాన్ని వెదికి 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రోగి నుంచి సేకరించిన ఈస్ట్ సంతతిని ప్రయోగశాల రకంతో సంకరం చేసి చూడగా, ఒకే క్రోమోజోమ్ ప్రాంతంలో పక్కపక్కనే ఉన్న మూడు జన్యువులు ఆ గుణంలో పాలుపంచుకుంటున్నట్టు తేలింది. ప్రపంచమంతా ప్రమాణంగా వాడే ఎస్288సీ అనే ప్రయోగశాల రకం వంశంలో అధికభాగం 1938లో కాలిఫోర్నియాలోని మెర్సెడ్ దగ్గర కుళ్లిన అంజూరపండు నుంచి తీసిన ఒకే ఈస్ట్‌ది. కాబట్టి ఆ ఒక్క వంశంలో లేని వైవిధ్యాన్ని ఆ ఒక్క వంశంలోనే వెదకడం వృథా.

ఆ వైవిధ్యం తెలుగు పల్లెల్లో రోజూ పొంగుతూనే ఉంది. గీత గీసిన ఈతచెట్టు నుంచి తీపినీరు లొట్టిలోకి కారుతుండగానే, లొట్టి గోడను అంటిపెట్టుకున్న, గాలిలో తేలే ఈస్ట్‌లు బాక్టీరియాతో కలిసి పని మొదలుపెడతాయి. రొట్టెల ఈస్ట్ జాతి కణం ఇన్వర్టేజ్ ఎంజైమును బయటికి వదిలి, ఆ తీపినీటిలోని సుక్రోజ్ చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా చీల్చుకుని తిని, ఆల్కహాల్‌గా మారుస్తుంది. అందువల్లనే తెల్లవారి దించిన కల్లు పొద్దెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది. తరతరాలుగా లొట్టి నుంచి లొట్టికి సాగుతున్న ఈ ఈస్ట్‌లను గీత కార్మికుల సహకారంతో, వారి పేరు, ఊరు, చెట్టు వివరాలను గౌరవంగా నమోదు చేస్తూ సేకరించాలి. శుద్ధంగా వేరుచేసి భద్రపరచాలి. ప్రమాణ రకంతో సంకరం చేసి, సిద్ధబీజాలను విడదీసి, జన్యుసంపుటులను చదవాలి. ఈ పనికి కావలసిన సామగ్రి చాలా విశ్వవిద్యాలయాలకు అందుబాటులోనే ఉంది గనుక, జిల్లా కళాశాలల విద్యార్థులు సైతం ఇందులో పాలుపంచుకోవచ్చు. ఫలితాలు తెలుగులోనూ వెలువడితే, కల్లుగీతను ఎరిగిన కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి జన్యుశాస్త్రం తన ఇంటి విద్యగా అందుతుంది. ఆ కార్యక్రమాన్ని ఈ సభ తన బాధ్యతగా స్వీకరించాలని అధ్యక్షస్థానం అభ్యర్థిస్తున్నది.