పంటిమచ్చయు మెడపట్టును



నమలుటకు పన్ను, శిరస్సును మోయుటకు మెడ. వీని పనులు వేరైనను రెండింటిని గట్టిపరచు ద్రవ్య మొక్కటే, సున్నము. సున్నముతో ఇట్టే కలియు ఫ్లోరైడు త్రాగునీట మితిమీరినచో, మొదట పంటిని, పిదప వెన్నెముకను పట్టును.

భారతదేశమున ఈ వ్యాధిని తొలుత గుర్తించినది తెలుగుగడ్డపైననే. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో దీనిని పరిశీలించి ప్రకటించిరి. పిమ్మట నల్లగొండ జిల్లా దీనివలన మిక్కిలి బాధపడెను. అచ్చటి రాతినేలలోని ఫ్లోరైడు కరగి బావినీట చేరుటయే కారణము.

దవడలలో స్థిరదంతములు రూపొందు పసితనమున ఆ నీరు త్రాగిన బిడ్డకు దంతములపై సుద్దవంటి చారలు, ముదిరినచో గోధుమరంగు మచ్చలు ఏర్పడును. వేపపుల్లతో నెంత తోమినను అవి పోవు. అది అశుభ్రత కాదు. అట్టి బిడ్డను గేలిచేయుట అన్యాయము. ఏండ్లతరబడి అదే నీరు త్రాగినవారికి వెన్నుపూసలను బంధించు స్నాయువులు ఎముకవలె గట్టిపడును. మెడ తిరుగదు, నడుము వంగదు. వెన్నుపాము నలిగినచో కాళ్లు చచ్చుబడును. బిగిసిన వెన్ను మరల పూర్వస్థితికి రాదు. కావున పంటిమచ్చ తొలిపద్దు. దానిని చూచినప్పుడే నీరు మార్చినచో తుదిపద్దు తప్పును.

అయితే మెడనొప్పులన్నియు ఇందువలన కలుగవు. వరినాట్లకు వంగుట, కొబ్బరికాయల మోత, వార్ధక్యము కూడ కారణములే. తాంబూలపు గార, పొగాకు మరక వేరు. ఒకే బావినీరు త్రాగు పిల్లలలో పలువురకు మచ్చలు కనబడినచో నీటిని శంకింపవలెను.

గోదావరి కాలువలున్న కోనసీమకు ఈ చింత యేల యనరాదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల ఆడపడుచులు మెట్టసీమలకు కోడండ్రుగా పోవుట కలదు. కూలికై కుటుంబములు తరలుటయు కలదు. అచ్చటి నీటి సంగతి ముందుగా విచారించుట మేలు.

ఫ్లోరైడు రంగు, రుచి, వాసనలవలన తెలియదు. కాచినను పోదు సరికదా, నీరిగిరినకొలది చిక్కనగును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్షింపించినచో నిజము తేలును. నదీజలము, వాననీరు దొరకనిచోట పటిక, సున్నము తగుపాళ్లలో కలిపి తేర్చు ‘నల్లగొండ పద్ధతి’ని నాగపురపు శాస్త్రజ్ఞులు రూపొందించిరి.

గ్రంథాలయమున చదివినది ఇంటనున్న తల్లులకు చేరినప్పుడే చదువునకు సార్థకత. బిడ్డ నవ్వినప్పుడు దంతములను చూడుడు. మచ్చ కనబడినచో, బిడ్డను మందలింపక బావిని పరీక్షింపించుడు.