ముఖముపై అక్కి - కంటికి ముప్పు

భిలాయి ఉక్కు కర్మాగార నిర్మాణకాలము నుండి ఈ క్యాంప్ 1లో స్థిరపడిన శ్రీకాకుళపు కుటుంబములతోపాటు అక్కి వ్రాయించు ఆచారము కూడ వచ్చినది. నడుముపై అక్కి చాలవరకు తనంతట తానే మానును. పేరు మాత్రము జాజు వ్రాసిన చేతికి దక్కును.

నుదుటిపై, కనురెప్పపై లేచినచో అట్లు కాదు. చిన్ననాటి ఆటలమ్మ వైరసే నరములో దాగియుండి మరల లేచును. ముక్కు కొసకును కంటికిని పోవునవి ఒకే నరపు శాఖలు. కనుక ముక్కు కొసపై పొక్కు కంటికి హెచ్చరిక. కార్నియా మసకబారి, కంటిలో ఒత్తిడి పెరిగి, చూపే పోవచ్చును.

పొక్కులు కనబడిన 72 గంటలలోపు డాక్టరు సలహాపై ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెట్టవలెను. కంటి డాక్టరుకును చూపవలెను. లోకో పైలటుకు సిగ్నలు, తపాలా సార్టరుకు చిరునామా కనబడవలెను గదా! ఆ మూడు దినములు సెలవు కొరకు తిరుగుటలో గడచిపోరాదు. సెలవు నిరాకరించిన యెడల అదే దినమున శాఖా కార్యదర్శికి తెలుపుడు. అధికారులతో మేము మాట్లాడెదము.